భోజనాల వేళ పడిన చేప

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా పత్రికవారు భీమవరంలో ఉన్న నన్ను రాజమహేంద్రవరం బ్యూరోకు మార్చారు. హోదా మారలేదు, స్టాఫ్ రిపోర్టరునే. అంటే మండలాల్లో వార్తకింత అని రాసే కంట్రిబ్యూటరుకు పైన, బ్యూరో ఇన్‌ఛార్జికి కింద. ఈ మెట్టు మీద నిలబడ్డవాడికి జీతం ఉంటుంది, ఆదివారం ఉండదు. మరుసటి ఏడాది, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, అలాంటి ఒక ఆదివారం నాకు అప్పగించిన పనిని గురించే ఇది. ఇన్‌ఛార్జి రెండు ముక్కల్లో చెప్పాడు. గోదావరిలో ట్రోలింగ్ అనే కొత్త రకం చేపల వేట చేసి చూపిస్తారట, అధికారులు వస్తున్నారట. ఫొటోతో కలిపి జోన్ పేజీకి మూడు కాలమ్‌ల వార్త కావాలి. జోన్ పేజీ అంటే చుట్టుపక్కల నాలుగైదు మండలాలకు మాత్రమే వేసే పేజీ. అందరికన్నా ముందు దాన్నే కట్టేస్తారు కాబట్టి, సాయంత్రం కార్యక్రమమైనా సరే, మధ్యాహ్నానికే జరిగిపోయినట్టు రాసి పంపమని డెస్కు కోరుతూ ఉంటుంది. డెస్కు అంటే మేం పంపినదాన్ని దిద్ది, శీర్షిక పెట్టే ఉపసంపాదకుల గది.

ఆ వేట చూపించబోయే సుబ్బరాజుగారు నాకు భీమవరం నుంచే తెలుసు. చేపల చెరువులున్న రైతు, మేత డీలరు కూడా. మేత కంపెనీలు తమ సరుకు బాగా అమ్మిన డీలర్లను విదేశాలు తిప్పి తీసుకువస్తాయి. ఒక ఏడాది ఆయన్ను కెనడా తీసుకువెళ్లారు. అక్కడ ఒక మంచినీటి సరస్సు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదని, దోసిట్లో తీసుకుంటే మాత్రం నీరు తియ్యగా ఉందని ఆయన నాకు చాలాసార్లు చెప్పారు. శాల్మన్, ట్రౌట్ అనే చల్లనీటి చేపల కోసం అక్కడ పడవ మీద బయల్దేరతారు. వల ఉండదు. పడవ వెనక గేలపు కర్రలు గుచ్చి, దారాలు వదిలి, మనిషి నడిచే వేగంతో పడవను పోనిస్తారు. ఇదే ట్రోలింగ్. దారం చివర తిండి ఉండదు. చెంచా ఆకారంలో వంచిన లోహపు బిళ్ల ఉంటుంది. పడవ లాగుతుంటే అది నీళ్లలో మెలికలు తిరుగుతూ పారిపోతున్న చిన్న చేపలా మెరుస్తుంది. వేటాడి తినే చేప దాని వెంటపడి నోట కరుచుకుంటుంది. లోతున ఉన్న చేప కోసం సీసపు గుండు ఒకటి తీగకు కట్టి దించుతారు. దారాన్ని దానికి క్లిప్పుతో తగిలిస్తే అంత లోతుకూ వెళుతుంది, చేప లాగగానే క్లిప్పు ఊడుతుంది. మొత్తం విద్య అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. పడవ ఆగకూడదు. ఆగితే బిళ్ల ప్రాణం పోయినట్టు అడుక్కి జారిపోతుంది.

సుబ్బరాజుగారు అక్కడ పెద్ద శాల్మన్‌ను పట్టారు. దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్న ఫొటో ఆయన మేత దుకాణంలో గల్లాపెట్టె వెనక, దేవుడి పటం కింద ఉండేది. చిక్కల్లా అక్కడే వచ్చింది. సాయంత్రాలు దుకాణం ముందు చేరే రైతుల్లో ఒక్కడూ ఆ మాట నమ్మలేదు. "రాజుగారూ, ఆ చేపని ఎంతసేపటికి అద్దెకిచ్చారేంటండీ?" అని ఒకరు మొదలుపెడితే, "ఫొటో అయ్యాక తిరిగి ఇచ్చేశారా, తెచ్చుకోనిచ్చారా?" అని ఇంకొకరు అందుకునేవారు. ఆయన నవ్వేసేవారు. కానీ ఒకసారి నాతో ఒంటరిగా ఉన్నప్పుడు అసలు మాట బయటపెట్టారు. "ఊరు నమ్మకపోతే పోనీండి, రిపోర్టరు గారూ. ఇంట్లో కూడా 'సరే లెండి' అంటే ఎలాగండీ?"

ఇంట్లో అంటే ఆయన భార్య వరలక్ష్మిగారు. ఆవిడ ఆయన్ను ఎన్నడూ కాదనలేదు, సరే లెండి అనేవారు. తిండి లేని చెంచా చూపించి చేపను పిలవడం ఆవిడకు అసలు పొసగని సంగతి. పిలిచినప్పుడు ఏదో ఒకటి పెట్టాలి కదండీ, చేపకైనా అని ఆవిడ నాతోనే అన్నారు.

చివరికి సుబ్బరాజుగారు కర్రలు, దారం చుట్టే రీళ్లు, గుండ్లు తెప్పించుకున్నారు. ఒక పాత మరపడవను బాగుచేయించారు. ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన నిలిచిన గోదావరి సముద్రమంత వెడల్పు, అదీ మంచినీరే. ఇక్కడ శాల్మన్ లేకపోవచ్చు గానీ పండుగప్ప ఉంది, వాలుగ ఉంది, రెండూ వేటాడి తినేవే అన్నది ఆయన వాదన. పులస సంగతి ఎత్తితే మాత్రం, అది ఎర ముట్టదండి, వలకే వస్తుంది అని పక్కన పెట్టేసేవారు. యాత్రికులను ఎక్కించుకుని ఈ వేట నడపడానికి అనుమతి కోరారు. దరఖాస్తు తిరగాల్సిన బల్లలన్నీ తిరిగాక, ముగ్గురు అధికారుల బృందం వచ్చి కళ్లారా చూసి సిఫారసు చేయాలని తేలింది. ఒక్క చేప వారి ఎదుట పడితే చాలు. అనుమతి వస్తుంది, భీమవరం నోరు మూస్తుంది, ఇంట్లో సరే లెండి ఆగుతుంది. ఆయనకు ఏది ఎక్కువ ముఖ్యమో నేను అడగలేదు.

ఆ ఉదయం రేవులో పడవ దగ్గరికి వెళ్లేసరికి కొత్త బండికి చేసినట్టు కర్రలన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టారు. రీళ్లకు పూలు చుట్టారు. వెనక భాగంలో పీట వేసుకుని వంటమనిషి పండుగప్పల పొలుసు తీస్తున్నాడు. అవి సుబ్బరాజుగారి సొంత చెరువువే, ఐసులో పెట్టి భీమవరం నుంచి తెచ్చినవి. చేపలు పట్టడానికి పోతూ చేపలు తీసుకువెళ్లడమేంటని ఆయన భార్యను అడిగారట. పడితే పడ్డాయి, పడకపోతే వచ్చినవాళ్లకి ఏం పెడతాం అని ఆవిడ తిరిగి అడిగారట. ఐసు పెట్టెను ఆయనే మోసుకొచ్చి పడవెక్కించారట.

బృందానికి పెద్ద మూర్తిగారు. డిప్యూటీ కలెక్టరు హోదా, మితభాషి, ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. ఆయన వెంట మత్స్యశాఖ నుంచి ఒక అధికారిణి, పడవల భద్రత చూసే ఇంజనీరు ఒకరు. మా ఫొటోగ్రాఫర్ శ్రీను, నేను. వడ్డనకు వరలక్ష్మిగారు. చుక్కాని దగ్గర సత్తిబాబు. సత్తిబాబుకు ఏ మాట చెప్పినా "ఆయ్" అనేవాడు, వెంటనే చేసేవాడు.

పడవ కదిలింది. సుబ్బరాజుగారు దారాలు వదిలారు, గుండ్లు దించారు, కర్రల కొసలకు చిరుగంటలు కట్టారు. చేప లాగితే గంట మోగుతుంది. ఆయన అధికారులకు వేగం గురించి చెప్పడం మొదలుపెట్టేసరికి పెసరట్లు తయారయ్యాయి. ఊగే పడవలో అతిథికి కంచం అందించడం మర్యాద కాదు. వరలక్ష్మిగారు సత్తిబాబు వైపు చూశారు. "ఆపమంటారాండీ? ఆయ్." పడవ ఆగింది. బిళ్లలు అడుక్కి జారాయి. ఒకటి ఎవరి వలదో ములిగిపోయిన తాడుకు చిక్కుకుని తెగిపోయింది. పెసరట్టు బాగుందని మూర్తిగారు ఒక మాట అన్నారు. మితభాషి అన్న మాట కాబట్టి ఇంకోటి వడ్డించారు.

మళ్లీ కదిలాం. మళ్లీ దారాలు వదిలారు. తరువాత కాఫీకి ఆగాం. కాఫీకి ముందు మంచినీళ్లకు ఆగాం. ఎవరు నీళ్లు అన్నా సత్తిబాబు ఇంజను తగ్గించేవాడు. రెండో బిళ్ల కూడా పోయింది. నాలుగోసారి పూతరేకులకు ఆగినప్పుడు సుబ్బరాజుగారి ముఖం చూశాను. ఆ మనిషి లోపల ఉడుకుతున్నారు. కానీ ఇంటికి వచ్చిన అధికారిని తినవద్దనే మాట గోదావరి జిల్లాల్లో పుట్టినవాడి నోట రాదు. మత్స్యశాఖ అధికారిణి మాత్రం, పడవ నడవాలన్నారు కదండీ అని మెల్లగా గుర్తుచేశారు. నడుస్తుందండి, తిని నడుద్దాం అన్నారు వరలక్ష్మిగారు.

భోజనాల వేళకు సుబ్బరాజుగారు తెగించారు. పడవ ఆగదు, నడుస్తుండగానే వడ్డన జరగాలి అన్నారు. వరలక్ష్మిగారు ఆయన్ను ఒకసారి ఎగాదిగా చూసి, సరే లెండి అన్నారు. ఆయన కర్రల దగ్గరే నిలబడి ఉందామనుకున్నారు. కానీ మీరు కూర్చుంటే గానీ ముద్ద ఎత్తనని మూర్తిగారు పట్టుబట్టారు. ఆతిథ్యానికి ఆతిథ్యమే శత్రువు. ఆయనా కూర్చున్నారు. డెక్కు మీద ఒకే వరసలో అందరం, స్టీలు కంచాలు, వేడి అన్నం, పండుగప్ప పులుసు. పులుసు తొణుకుతుందని శ్రీను కెమెరాను సంచిలో పెట్టేశాడు. నేను నోటుపుస్తకం చొక్కా జేబులో పెట్టుకున్నాను. పులుసు చాలా బాగుంది. ఆ ఒక్క సంగతి నేను సాక్ష్యంతో చెప్పగలను.

గంట మోగింది.

తలెత్తేసరికి ఎడమవైపు కర్ర విల్లులా వంగి ఉంది. సుబ్బరాజుగారు ఒక్క ఊపున లేచారు. ఎడంచేత్తో కర్ర అందుకున్నారు. రీలు తిప్పాల్సింది కుడిచేత్తో, ఆ చేతి నిండా పులుసన్నం. కుంకుమ పెట్టిన కర్ర. ఎంగిలి చెయ్యి. ఆయన చుట్టూ ఒకసారి చూసి, పడవ అంచు మీంచి నీళ్లలోకి వంగారు.

"ఏమండీ, గోదారమ్మలో ఎంగిలి చెయ్యి ముంచుతారా?" అన్నారు వరలక్ష్మిగారు.

ఆయన ఆగిపోయారు. చుట్టూ కనుచూపు మేర నీరు, మధ్యలో చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు లేని మనిషి. "నీళ్లు, నీళ్లు" అన్నారు. పొద్దుటి నుంచీ ఆ మాటకు అర్థం సత్తిబాబుకు బాగా అలవాటైంది. "ఆయ్" అని ఇంజను ఆపేశాడు.

అందుబాటులో ఎంగిలి కాని చేతులు ఇంకెవరివో అప్పుడు అందరికీ ఒకేసారి తోచింది. వరలక్ష్మిగారు పులుసు గిన్నె దించి, కొంగు దోపుకుని, భర్త చేతిలోంచి కర్ర అందుకున్నారు. రీలు తిప్పమని ఆయన, ఎటు తిప్పాలని ఆవిడ. ఆవిడ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు, అంతే. కర్ర రెండుసార్లు గుంజింది. ఆవిడ ఒక అడుగు ముందుకు పడ్డారు. పడవ నిలిచిపోవడంతో దారం వదులైంది. కర్ర నిటారుగా లేచింది. నీళ్ల డ్రమ్ము దగ్గర నుంచి వంటమనిషి చెంబుతో వచ్చాడు.

ముందు భోజనం కానివ్వండి, చల్లారిపోతుంది అన్నారు మూర్తిగారు.

చేతులు కడుక్కున్నాక నా పని మొదలుపెట్టాను. చూసినవారు ఇద్దరు ఒకే మాట చెబితే వార్త, ఒకరే చెబితే కబురు అని మాకు ట్రెయినింగులో నేర్పేవారు. మత్స్యశాఖ అధికారిణి చేపే అయి ఉండవచ్చునన్నారు, చూడలేదన్నారు. ఇంజనీరు మాత్రం వల గానీ దుంగ గానీ తగిలినా అలాగే వంగుతుందన్నారు. ఆయన చూసింది వంగిన కర్రను కాదు, ఒరిగిన కంచాన్ని. సుబ్బరాజుగారు దారం లాగి చూపించారు. బిళ్ల గేలానికి ఒక పెద్ద వెండి పొలుసు అంటుకుని ఉంది. ఇదిగో అన్నారాయన. మూర్తిగారు దాన్ని వేలితో తాకి, వెనక ఉన్న వంట పీట వైపు చూశారు. అక్కడ నేలంతా అలాంటి పొలుసులే.

వరలక్ష్మిగారిని అడగడానికి వెళ్లేసరికి ఆవిడ పడవ అంచున కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నారు. దుంగ కాదండి అన్నారు. దుంగయితే పట్టుకుని ఉంటుంది, ఇది లాగి, వదిలి, మళ్లీ లాగింది అన్నారు. తరువాత భర్త వైపు తిరిగారు.

"ఆ కెనడాలో మీరు పట్టింది నిజమే."

సుబ్బరాజుగారు కర్రకు అంటిన పులుసు మరకను తువ్వాలుతో తుడుస్తూ ఉండిపోయారు.

డెస్కు నుంచి ఉపసంపాదకుడు ఫోను చేసి, చేప పడిందా లేదా ఒక్క మాటలో చెప్పమన్నాడు. పడి పోయింది అన్నాను. అలాంటి వార్త ఉండదండి, పడితే ఫొటో పంపండి, పడకపోతే రెండు పేరాలు అన్నాడు. రెండు పేరాలు వచ్చాయి. శీర్షిక 'గోదావరిలో విహారాన్ని పరిశీలించిన అధికారులు'. వరలక్ష్మిగారి మాట కూడా రాసి పంపాను. భర్త గురించి భార్య చెప్పిన మాట సాక్ష్యం కాదని తీసేశారు. వృత్తిరీత్యా వాళ్లది తప్పు అనలేను.

కొన్నాళ్లకు సిఫారసు వచ్చింది. వేటకు అనువుగా ఉన్నట్టు నిర్ధారణ కాలేదని, అయితే భోజన సదుపాయంతో కూడిన విహారానికి ఈ పడవ అన్ని విధాలా తగినదని రాశారు. సుబ్బరాజుగారు అదే తీసుకున్నారు. ఇప్పుడు ఆదివారాలు ఆ పడవ నిండుతుంది. భీమవరం నుంచి పాత మిత్రులు కూడా వస్తారు. ఈ చేప పడిందా, చెరువుదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇది చెరువుదే, పడింది మాత్రం నా చేతుల్లోంచే పోయింది అని వరలక్ష్మిగారే జవాబు చెబుతారు. ఆవిడ చెప్పేది వాళ్లు నమ్మరు, కానీ మారు వడ్డించుకుంటారు. కర్రలు ముందుభాగంలో కుంకుమ బొట్లతో నిలబెట్టి ఉంటాయి. వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు.

నేను రిటైరయ్యేదాకా మిగిలిన కాలం ఒక్క పద్ధతి మార్చుకున్నాను. ప్రత్యక్ష సాక్షిని ఎక్కడ నిలబడ్డారు, ఎంత దూరంలో ఉన్నారు అని అడగడం మా వాడుక. దానికన్నా ముందు, ఆ సమయానికి మీ చేతిలో ఏముంది అని అడగడం మొదలుపెట్టాను. సాధారణంగా కంచమో ఫోనో ఉండేది. ఏమీ లేదన్నవారి మాట మొదట రాసుకునేవాణ్ని.