అక్క బుట్టలో పడ్డ పంపు

మా బావ సరస్సు ఒడ్డున పంపు నడుపుతాడు. మా అందరి టమాటా తోటలకూ అదే నీరు. నీళ్ళలో మునిగి ఉండే గొట్టం మూతికి ఒక జల్లెడ ఉంటుంది. నాచూ తీగలూ దానికి అతుక్కున్నాయంటే పంపుకు ఊపిరాడదు. బావ చొక్కా విప్పి దబ్బున దూకి, మూతి శుభ్రం చేసి, నెత్తినిండా నాచుతో పైకి లేచేవాడు. ఆ వేషం చూసి నవ్వనివాడు పాపాత్ముడు.

ఈ వేసవిలో ఆయన చెవికి చీము పట్టింది. మళ్ళీ నీళ్ళలో మునిగితే వినికిడి పోతుందన్నాడు డాక్టరు. ఆ సంగతి బావ ఇంట్లో చెప్పలేదు. కానీ అక్క "అన్నం పెట్టనా?" అంటే, "నిన్ననే గ్రీజు పెట్టాను" అన్నాడు. గుట్టు రట్టయింది.

"ఇక నీళ్ళలో దిగారంటే నామీద ఒట్టే!"

"దిగకపోతే తోటలు మాడిపోవటే? పూత మీదున్నాయి!"

ఇద్దరి మాటా నిజమే. అందుకే నాకు భయం వేసింది.

అక్క బుట్టలు అల్లుతుంది. మనిషి పట్టేంత వెదురు బుట్ట ఒకటి, మూతతో సహా, మొదలుపెట్టింది. "గొట్టం మూతి దీని మధ్యలో ఉంటుందిరా. నాచు బుట్టకే పడుతుంది. ఒడ్డునుంచి కర్రతో గీకెయ్యొచ్చు" అంది.

"బావ చాలక పంపును కూడా బుట్టలో వేసుకుంటున్నావా?" అన్నాను. వెదురు బద్ద నా వీపు మీద పడింది. ఆ బుట్ట పూర్తయ్యేదాకా నీళ్ళలో దూకే భాగ్యం కూడా నాకే దక్కింది.

తీరా దించితే బుట్ట హాయిగా తేలింది. గొట్టాన్నీ పైకెత్తింది. పంపు గాలి పీల్చి గుర్రుపెట్టింది. వెదురు తేలుతుందని, పుట్టి బుద్ధెరిగి వెదురుతోనే బతికిన మా అక్కకు తట్టలేదు! బావ నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు. అక్క మూతి ముడుచుకుని అడుగున రాళ్ళు కట్టింది. బురదలో దిగబడకుండా నేను దాన్ని నీటి మీద తేలే ఖాళీ డ్రమ్ముకు వేలాడదీశాను.

ఇక పంపు ఆగలేదు. సాయంత్రం దాకా కాలువ నిండా నీళ్ళే. బావే కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"ఇక నాకేం పనుంది?"

"నీళ్ళలో దిగొద్దన్నాను గానీ, నా పక్కన కూర్చోవద్దన్నానా?" అంది అక్క, మెల్లగా.

"ఏమన్నావ్? వినపళ్ళేదు."

అక్క గట్టిగా అంది.

"ఆఁ?"

ఈసారి తోటలన్నిటికీ వినపడేలా అరిచింది. పనిచేసేవాళ్ళంతా తలెత్తి గొల్లుమన్నారు. బావ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. మొదటిసారే వినపడిందని ఆయన మొహమే చెబుతోంది. అక్కా కనిపెట్టింది. తిట్టలేదు, కళ్ళు తుడుచుకుని నవ్వింది.