క్వార్టర్ నంబరు లేని సభ్యురాలు

సంఘాన్ని రిజిస్టరు చేయించాలన్న మాట మొదట ఎత్తింది మా చిన్నాన్న. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, చివరికి నలుగురి చేత పని చేయించే హోదాలో రిటైరైన మనిషి. రిటైరయ్యాక కూడా పొద్దున్నే వర్క్‌షాపు సైరన్ వినబడితే ఆయనకు కాలు నిలవదు. ఎవరికో ఒకరికి పని పురమాయించకపోతే తిన్నది అరగదు. ఆ పురమాయింపులన్నీ చివరికి నా నెత్తిమీదికే వచ్చేవి. మా ఇళ్ళలో ఇంగ్లీషు కాగితం రాయగల తీరిక ఉన్నది నాకేనని ఆయన ఎప్పుడో తీర్మానించేశాడు. నేను అదే వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తాని. ఆ తీరిక ఎక్కడుందో నాకైతే ఇప్పటికీ కనబడలేదు.

మా తాత, అంటే చిన్నాన్నకు తండ్రి, రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి వచ్చినవాడు. తుపాకీ పట్టుకున్నది లేదు. ఆ రోజుల్లో రైల్వే పనివాళ్ళను కంపెనీలనే దళాలుగా చేర్చి, ఖాకీ బట్టలు తొడిగి, ఇరాక్‌లో సైన్యానికి రైళ్ళు నడపడానికి ఓడెక్కించారు. మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి తెలుగువాళ్ళు చాలామందే వెళ్ళారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు, ఇక్కడ సరిగ్గా కుదురుకోకముందే బస్రా దాకా వెళ్ళారు. కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. మా తాత అక్కణ్ణుంచి తెచ్చిన ఓవర్‌కోటును ముగ్గురు కొడుకులూ చలికాలం డ్యూటీలకు వంతులేసుకుని తొడిగి చింపేశారు. మా ఇంట్లో యుద్ధం గురించిన మాట ఆ కోటుతోనే అయిపోయింది.

ఆ మాటను మళ్ళీ లేపింది చిన్నాన్నే. ఏటా పంద్రాగస్టున మాలాంటి కొన్ని కుటుంబాలు కాలనీ గ్రౌండు పక్కన చేరి, ఒక బల్ల మీద పూలు పెట్టి, వెళ్ళినవాళ్ళ పేర్లు తలుచుకుని, బూందీ పంచుకుని వచ్చేవాళ్ళం. ఎప్పటికీ బల్లేనా, ఒక రాయి నిలబెట్టి దాని మీద పేర్లు చెక్కిద్దాం అన్నాడు. స్థలం కోసం రైల్వేవాళ్ళను అడిగితే, రిజిస్టరైన సంఘం తరఫున అర్జీ ఇవ్వండి, చూస్తాం అన్నారు. అది న్యాయమే. ఎవరో పదిమంది వచ్చి రాయి పాతుకుంటామంటే ఎవరు ఒప్పుకుంటారు?

అలా ఒక బెంగాలీ లాయరు దగ్గరికి చేరాం. కనీసం ఏడుగురు సంతకాలు పెట్టాలన్నాడు, సంఘం ఆశయాలు, సభ్యత్వం రూల్సు రాసి తెమ్మన్నాడు. పేరు దగ్గరే వారం గడిచింది. చిన్నాన్నకు ముందు ‘అఖిల భారత’ కావాలి, మధ్యలో ‘జాతీయ’ కావాలి, చివర ‘మహా సంఘం’ కావాలి. “ఓటా చోల్బే నా, దాదా,” అది నడవదని లాయరు ఒక్కో మాటా కొట్టేస్తూ పోయాడు. సర్కారు సంస్థ అనుకునేలా పేరు ఉండకూడదట. చివరికి యుద్ధంలో పనిచేసిన రైల్వేవారి వారసుల సంఘం అని తేలింది. చిన్నాన్న రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు.

రూల్సు మాత్రం ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. ఎందుకయ్యాయో చెప్పాలంటే మా కాలనీ సంగతి చెప్పాలి. మాకు మనిషి కన్నా ముందు క్వార్టర్ నంబరు గుర్తొస్తుంది. పూజ చందా క్వార్టర్‌కు ఇంత. పెళ్ళి శుభలేఖ క్వార్టర్‌కు ఒకటి. కుళాయిలో నీళ్ళు రాకపోతే నంబర్లు రాసుకుని వెళ్ళి అరుస్తాం. తగువులాడుకున్నా “ఆ నంబరోళ్ళతో మాకు మాటల్నేవు” అంటాం. అందుకని మా రూల్సులో మొదటిది దానంతటదే వచ్చేసింది. క్వార్టర్‌కు ఒక సభ్యుడు, ఆ క్వార్టర్ రైల్వే కాగితాల్లో ఎవరి పేరున ఉంటే వాళ్ళే. రెండోది, రాయి మీద సభ్యులు ఇచ్చిన పేర్లే చెక్కాలి. అందరూ తలలూపారు. లాయరు కూడా మీ ఆచారం మీ ఇష్టం అనుకున్నాడేమో, ఏమీ అనలేదు.

ఆ ఆదివారం చిన్నాన్న వరండాలో సంతకాలు పెట్టుకుంటున్నాం. చర్చి నుంచి నేరుగా వచ్చింది పూరీ గేట్ అత్త. మేనత్త కాదు, మాకు చుట్టమే కాదు. నా చిన్నప్పుడు మా ఎదురు క్వార్టర్‌లో ఉండేవాళ్ళు. భర్త రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి కాలనీ బయట పూరీ గేట్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఆయన పోయాక ఆవిడ అక్కడే ఉండిపోయింది. ఎనభై దాటింది. నడుం వంగింది గాని నోరు వంగలేదు. చిన్నాన్న ఆవిణ్ణి అప్పా అంటాడు, అంటే అక్కా అని, కాబట్టి నాకు అత్త అయింది. ఆవిడ తండ్రి కూడా మా తాతతో పాటే ఇరాక్ వెళ్ళాడు. అక్కడే జ్వరంతో పోయాడు. ఆవిడ తండ్రి ముఖం ఎరగదు, ఫొటో కూడా లేదు.

“నా పేరు కూడా రాయి తమ్ముడూ. మా అయ్య పేరు రాయి మీదికెక్కాల గదా,” అంది కుర్చీలో కూర్చుంటూ.

చిన్నాన్న పెన్ను తీసి అలవాటుగా, “క్వార్టర్ నంబరు సెప్పప్పా,” అన్నాడు.

“నాకు క్వార్టరేటి? ఎప్పుడో ఒదిలేసినాం గదా.”

“పోనీ, మీ అయ్యది ఏ నంబరు? అదైనా రాద్దాం.”

“మా అయ్యకి క్వార్టరెక్కడిది తమ్ముడూ? డ్రైవర్లు డ్యూటీ దిగి పడుకునీ రన్నింగ్ రూమ్‌లో ఆళ్ళకి వొండిపెట్టీవోడు. ఆ ఎనకాల రేకుల సెడ్డులో మాయమ్మా ఆయనా ఉండీవోరు. యుద్ధంలో కూడా కంపెనీకి వంటోడిగానే ఎల్లినాడు.”

చిన్నాన్న పెన్ను మూసేశాడు. “రూలు రాసేసినామప్పా. టైపు కూడా అయిపోయింది. మంగళారం దాఖలు సెయ్యాల. ఇప్పుడు మారిస్తే మళ్ళీ మొదటికొత్తాది. వొచ్చే ఏడు మీటింగులో సూద్దాం,” అన్నాడు.

అత్త ఏమీ వాదించలేదు. వాదిస్తే బాగుండేది. కొంగు సర్దుకుని లేచి, “ఠీక్ హై బాబూ. రాయి పెట్టినప్పుడు కబురంపండి. వొచ్చి సూసి ఎల్తాను,” అంది. వచ్చే ఏడు అనేది ఆ వయసు మనిషితో అనదగ్గ మాటేనా? తన తండ్రి పేరు లేని రాయిని చూడ్డానికి ఆవిడ ఎండలో పడి రావాలట. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అది కాస్తా దిగి నోట్లోకి వచ్చింది.

“సిన్నాన్నా, నువ్వుంటన్న ఈ క్వార్టర్ ఎవరిది?” అన్నాను.

“ఎవరిదేటి, మనదే.”

“మనదంటే? కాగితాల్లో ఎవరి పేరున ఉంది?”

“మీ తమ్ముడి పేరున.”

“నువ్వు రిటైరయినావా నేదా?”

“రిటైరవకపోతే నీతో ఈ పంచాయితీ నాకెందుకే?”

“అయితే సభ్యుడు తమ్ముడు. నువ్వెవరు? సంతకం ఎలగ పెట్టినావు?”

చిన్నాన్న లోపలి గది వైపు చూశాడు. ఆయన కొడుకు ఆ సమయంలో లోపల క్రికెట్ చూస్తున్నాడు. ఈ సంఘం పేరు కూడా వాడికి సరిగ్గా తెలియదు. మొదట నవ్వింది సాలువా దగ్గర సొంత ఇల్లు కట్టుకున్న ఒక పెద్దాయన. “నాకూ క్వార్టర్ నేదు దాదా, నానూ పోయినట్టే,” అన్నాడు. ఇంకొకాయన కూతురి దగ్గర ఉంటున్నాడు. అల్లుడి పేరున ఉన్న క్వార్టర్ అది. ఆ అల్లుడి తరఫున యుద్ధానికి వెళ్ళినవాళ్ళే లేరు. ఇంకొకాయన పెన్షన్ డబ్బుతో ఫ్లాటు కొనుక్కున్నాడు. లెక్క చూస్తే ఆ రూలు ప్రకారం ఏడుగురిలో నికరంగా మిగిలింది ముగ్గురం. సంఘం పెట్టినవాళ్ళే సంఘంలో లేరు. జీవితమంతా ఇంకొకరి ఇంటి నంబరుతో పిలిపించుకున్నవాళ్ళం, ఆ ఇల్లు రైల్వేదని రిటైరయ్యాక కూడా మాకు తట్టలేదు.

అందరూ పడీ పడీ నవ్వారు. చిన్నాన్న మాత్రం నవ్వలేదు. టైపు చేసిన కాగితాలు తీసుకుని అడ్డంగా ఒక గీత గీశాడు. ఆయన అలా ఓడిపోవడం నేను చాలా తక్కువ చూశాను. ఆ క్షణంలో ఆయన నాకు ముద్దొచ్చాడు.

“మరేటి రాద్దాం?” అన్నాడు.

“మనిషి యుద్ధానికి ఎల్లినాడా నేదా, అంతే సూద్దాం,” అన్నాడు సాలువా ఆయన.

ఫ్లాటు ఆయనకు ఇంకా ఒక అనుమానం మిగిలింది. “వంటోడు కూడా సైనికుడి లెక్కేనేటి?” అన్నాడు, కాస్త నెమ్మదిగానే. నేను నోరు తెరిచేలోపు చిన్నాన్నే అందుకున్నాడు. “మరి మా అయ్య ఇంజన్లో బొగ్గేసినాడు. అది సైనికుడి పనా? ఆ బొగ్గేసినోడికి కూడెవడు వొండినాడు? కూసో బాబూ.”

ఆయన కూర్చున్నాడు. యుద్ధకాలంలో సైన్యంతో పాటు ఏ పని మీద వెళ్ళినా సరే, ఆ మనిషి సంతానం ఎవరైనా, కొడుకు వైపైనా కూతురు వైపైనా, సభ్యులు కావచ్చని రాసుకున్నాం. కాగితాలు ఎలాగూ కొత్తగా టైపు చేయాలి కాబట్టి ఏడుగురిలో నా పేరు తీసేసి అత్త పేరు పెట్టాను. త్యాగమేమీ కాదు. సంతకం ఉన్నా లేకపోయినా రాతపని నాకే తగులుతుందని తెలుసు. అత్త ఇదంతా విని, “మళ్ళీ నా మూలాన టైపు ఖర్చు,” అని గొణిగింది గాని, చిన్నాన్న ఇచ్చిన టీ పూర్తిగా తాగి మరీ వెళ్ళింది.

లాయరు ఆఫీసుకు ఆవిణ్ణి టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో, తీసుకెళ్ళాను. అక్కడ గుమాస్తా ఒక్కొక్కరి వివరాలు కంప్యూటరులో ఎక్కిస్తున్నాడు. అత్త వంతు వచ్చేసరికి భర్త పేరు అడిగాడు. అత్త ఠక్కున చెప్పింది. రేషను కార్డులో, ఓటరు కార్డులో, బ్యాంకులో ఎక్కడ చూసినా ఆవిడ ఫలానా ఆయన భార్యే. లాయరు తలెత్తి, ఇది వారసుల సంఘం కదా, ఈవిడకు తండ్రి పేరు రాయాలి అన్నాడు. గుమాస్తా మర్యాదగా, “బాబార్ నామ్ బొలున్, మాసీమా,” అన్నాడు. తండ్రి పేరు చెప్పమంటున్నాడని ఆవిడకు అర్థమైంది. ఆవిడకు బెంగాలీ నాకన్నా బాగా వచ్చు.

అయినా మాట్లాడలేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను. ఆవిడ చేతులు కొంగును మెలిపెడుతున్నాయి. తరవాత ఒక పేరు, పెదవుల మధ్యే అన్నట్టుగా పలికింది. గుమాస్తాకు వినబడలేదు. ఇంకొంచెం గట్టిగా చెప్పమన్నాడు. ఈసారి అత్త ఆ పేరును గదంతా వినేలా చెప్పింది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆవిడ సొత్తు.

తిరుగు దారిలో టోటోలో నేను అడక్కుండానే చెప్పింది. “అయ్య పోయిన కబురొచ్చిన కాడ్నుంచి మాయమ్మ ఆ పేరు ఇంట్లో అననిచ్చీది కాదే. ఎవరైనా అంటే ఆ పూట కూడు మానేసీది. బడిలో మా మావ పేరు రాయించినారు. పెళ్ళిలో పాస్టరుగారు సదివినారు గాని నాను అన్నేదు. ఇయ్యాల అన్నాను,” అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ పూట నాకు ఎవరి మీదా కోపం లేదు.

రిజిస్ట్రేషన్ వానాకాలంలో వచ్చింది. సర్టిఫికెట్టూ, ముద్ర వేసిన రూల్సు కాగితాలూ చేతికందగానే చిన్నాన్న గొడుగు తీసి, “పూరీ గేట్ పద,” అన్నాడు. మేం వెళ్ళేసరికి అత్త కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. చేతులు తడిగా ఉన్నాయని కాగితం ముట్టుకోలేదు. చదవమంది. చిన్నాన్న కళ్ళజోడు సవరించుకుని సర్టిఫికెట్టు మొదలుపెడితే, “అది కాదు తమ్ముడూ, నాది సదువు,” అంది. ఆయన సంతకాల పేజీ తీసి, ఆవిడ పేరు, ఫలానా వారి కుమార్తె అని చదివాడు. అర్జీ ఇంకా పెట్టాలి, స్థలం ఎప్పుడిస్తారో తెలియదు, కాని రాయి తప్పకుండా లేస్తుందని కూడా చెప్పాడు.

అత్త ఆ మాట విన్నట్టు లేదు. కత్తిపీట పక్కకు జరిపింది.

“నాను కడుపులో ఉండగా ఓడెక్కినాడు. ఆడపిల్ల పుట్టినాదని ఉత్తరమేయించినారంట. అది అందినాక పోయినాడో, అందకముందే పోయినాడో, మాయమ్మకీ తెల్దు. ఆయనకి తెల్సినా తెలీకపోయినా, ఆయనకో కూతురున్నాదని ఇప్పుడు సర్కారుకి తెల్సింది. మరోపాలి సదువు తమ్ముడూ.”

చిన్నాన్న ఈసారి తండ్రి పేరు ముందు, ఆవిడ పేరు తరవాత వచ్చేలా చదివాడు.