మేటు తాత అనని మాట

కోరాపుట్ నుంచి పొద్దుటి బస్సులో వచ్చి సెమిలిగుడలో దిగేసరికి, టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి, "మేటు తాత పోయేడమ్మీ. తెల్లారగట్ల, నిద్దట్లోనే" అన్నాడు. సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. తాత బతికుండగా నలుగురిలో నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. ఇవాళ కాకపోతే రేపు అనుకుంటూ మూడేళ్ళు దాటించాను.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. రైల్వేలో గ్యాంగు మేటు. అంటే పట్టాలు సరిచేసే జట్టుకు పెద్ద. ఘాటు లైన్లో వంతెనల కింద నీళ్ళు ఎంత లేచాయో చూసుకుంటూ వానాకాలాలన్నీ గడిపి రిటైరయ్యాడు. మామూలు రోడ్డు మీదా పట్టాల కింది స్లీపర్ల మీద నడిచినట్టే కొలిచి కొలిచి అడుగులు వేసేవాడు. పక్కన నడవాలంటే నాకు ప్రాణం విసిగేది. నేను ముందుకు పోతే వెనకనుంచి, "నీకోసం బండి ఆపేరేటమ్మీ అక్కడ?" అని వెక్కిరించేవాడు.

మొదటి వాన పడితే ఊరంతా ఇళ్ళలోకి పరిగెత్తేది, ఆయన గొడుగేసుకుని బయటికి వచ్చేవాడు. మా వీధి చివర కొండ నుంచి దిగే వానగెడ్డ ఉండేది. ఏడాదిలో ఎనిమిది నెలలు అది ఉత్త పల్లపు జాగా, గొడ్లు మేసేవి. మిగతా నాలుగు నెలలు నీటిది. "రైలుకి ఎర్రజెండా సూపితే ఆగుతాది. నీటికి ఏ జెండా సూపుతావు?" అనేవాడు.

ఊరి దగ్గర ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాక ఊళ్ళో అద్దెకు గది దొరకడం గగనమైంది. ఒక షావుకారు ఆ పల్లపు జాగా కొని, ఈ చివర నుంచి ఆ చివర దాకా మూడంతస్తుల గదుల వరస కట్టడానికి ముగ్గు పోయించాడు. మర్నాడే తాత తెల్లకాగితంతో మా ఇంటికొచ్చాడు. అప్పుడు నాది బి.ఏ. ఆఖరి ఏడు. కట్టడాలకు అనుమతిచ్చే ఆఫీసులో పెట్టే అభ్యంతరం ఇంగ్లీషులో ఉంటే గౌరవమని ఆయన నమ్మకం. నాదీ అదే నమ్మకం.

"రాయమ్మీ. గెడ్డ దారికి పన్నెండడుగులు ఒగ్గీమను. ఆ పక్కని ఎన్నంతస్తులేసుకున్నా నాకేటీ అడ్డు నేదు. జనం రావాల. రాకపోతే ఊరెలాగవుతాది?"

నాకది మరీ చప్పగా తోచింది. పన్నెండడుగులూ గెడ్డా ఇంగ్లీషులో పెడితే ఏం గొప్పగా ఉంటుంది? పేపర్లో ఉత్తరాల పేజీ చదివి చదివి పట్టుబడిన భాషంతా అందులో గుమ్మరించాను. ఎక్కడెక్కడి మనుషులో వచ్చి కిక్కిరిసిపోతారని, వీధి మురికవుతుందని, ఆడపిల్లలకు భద్రత ఉండదని. నీటి సంగతి చివర్లో ఒక్క ముక్క. చదివి వినిపించమన్నాడు. ఇంగ్లీషులోనే గడగడా చదివాను. ఆయన మురిసిపోయి తెలుగులో సంతకం పెట్టాడు.

ఆఫీసువాళ్ళు దాన్ని తోసిపుచ్చారు. కొత్తవాళ్ళంటే గిట్టకపోవడం అభ్యంతరం కాదన్నారు. గదులు లేచాయి, ముప్పై కాపురాలు దిగాయి. షావుకారు ఆ కాగితం నకలు సంపాదించి, మీ గురించి ఈ ముసలాయన ఏమన్నాడో వినండని వాళ్ళకు తెలుగు చేసి చెప్పించాడు.

గజపతినగరం నుంచి వచ్చిన వెల్డరు భార్య నూతి దగ్గర తాతను నిలదీసింది. "మేం మురికోళ్ళమేటి తాతా? మా మొగోళ్ళు ఆడపిల్లల్ని బతకనివ్వరేటి?"

తాత తిన్నగా మా గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మీ, కాగితం మీద నాను మనుసులొద్దన్నానేటి?"

"ఇంగ్లీషులో అలాగే రాస్తారు తాతా" అన్నాను.

"అలాగా" అని వెళ్ళిపోయాడు. నూతి దగ్గర ఆమెతో ఏమన్నాడో మా అమ్మ విని వచ్చి చెప్పింది: "ముసిలోడి నోరమ్మా, తప్పైపోనాది." నా పేరెత్తలేదట. పెళ్ళి కావలసిన పిల్ల, నలుగురి నోళ్ళలో పడకూడదనుకున్నాడేమో. నేను అడగలేదు. నోరు మూసుకుని సుఖపడ్డాను.

రెండో వానాకాలం గెడ్డ తన దారి వెతుక్కుంటూ కింది గదుల్లోకి వచ్చింది. తాత మొలలోతు నీళ్ళలో నిలబడి పిల్లల్ని భుజాల మీద దాటించాడు. తను ముందే చెప్పానని ఆయన అనలేదు. నేనే ఉండబట్టలేక, తాత చెప్పనే చెప్పాడని అంటే కసిరాడు. "నోర్ముయ్యమ్మీ. తడిసినోళ్ళకి తువ్వాలు కావాల గానీ నాయమెందుకు?"

ఈ ఉదయం ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. కొడుకు విజయనగరం నుంచి రావాలి, మధ్యాహ్నం దాటుతుందన్నారు. కాళ్ళకు దణ్ణం పెట్టి నేరుగా ఆ గదుల వరసకు వెళ్ళాను. వెల్డరు భార్య మెట్ల మీద కూర్చుని పిల్లలకు అటుకులూ బెల్లం పంచుతోంది.

"ఆ కాగితంలో మాటలు తాతవి కావు. నావి. ఆయన నీటికి దారి మాత్రమే అడిగాడు" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "ఇప్పుడా సెప్తన్నావు?" అంది. తిట్టినా బాగుండేది.

పక్కనున్న చిన్నపిల్ల అన్నమని సణిగింది. ఆమె దాని నోట్లో చిటికెడు అటుకులు పెట్టి, "తాత సవం లెగకుండా పొయ్యెలాగెలిగిస్తామే?" అంది.

అప్పుడు తల ఎత్తి చూశాను. మూడంతస్తుల్లో, ముప్పై గుమ్మాల్లో ఎక్కడా పొగ లేదు. స్టవ్వుకు పంపు కొట్టే చప్పుడు లేదు. డ్యూటీకి పోవలసిన మగవాళ్ళు ఖాళీ క్యారియర్లతో నిలబడి ఉన్నారు. మెట్ల నిండా పిల్లలు, ఎవరి దోసిట్లో అటుకులు వాళ్ళు పట్టుకుని, చప్పుడు కాకుండా నములుతున్నారు.