ఎడ్లు హారన్ కొట్టిన ఆదివారం

ఇప్పటి పిల్లలకు ఆట కావాలంటే ఫోను మీద బొటనవేలు ఆనిస్తే చాలు, కాఫీ చల్లారేలోపు దిగిపోతుంది. మా కాలానికి అంత సుఖం లేదు. మా కాలమంటే మరీ రాజుల కాలమేమీ కాదు, నరసరావుపేటలో సందుకో రీఛార్జి బోర్డు వేలాడిన కాలం. అప్పట్లో టీవీకి తగిలించే గేమ్ మెషిన్ ఇంట్లో ఉన్నవాడు కలవారి బిడ్డ, లేనివాడు గేమ్ షాపుకొచ్చి అరగంట లెక్కన ఆడుకునేవాడు, చదువు మానేసినవాడు ఆ షాపులోనే పనికి కుదిరేవాడు. నేను మూడో రకం. తొమ్మిదో తరగతి సగంలో మా లెక్కల మాస్టారూ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయాం (అంగీకారంలో ఎక్కువ భాగం ఆయనదే).

మా షాపు యజమానిని బజారంతా నంబర్ల బాబాయ్ అనేది. తాతల నాటి కిరాణా వ్యాపారాన్ని తమ్ముడికి వదిలేసి, కొత్త వ్యాపారమంటూ ఈ షాపు పెట్టాడు. బెల్లంకొండలో జాతకాలు చూసే ఒకాయన నీకు ఆరు కలిసొస్తుందని చెప్పాడట. అప్పట్నుంచీ స్కూటర్ నంబరు కూడితే ఆరు, ఫోన్ నంబరు కూడితే ఆరు, షాపులో కుర్చీలు ఆరు. మెషిన్ మాత్రం ఒకటే. ఎవరన్నా వేళాకోళం చేస్తే, "మిగతా అయిదూ అయ్యే వస్తాయి, నీకెందుకురా తొందర" అనేవాడు. ఎంతకీ రాలేదు.

ఆ ఉన్న ఒక్కటీ తాళం తీసిన మెషిన్. అంటే, కంపెనీవాడు తన ముద్ర ఉన్న ఫైలు తప్ప ఇంకోటి నడవకుండా ప్రతి మెషిన్‌లోనూ ఒక కాపలా పెడతాడు. గుంటూరులో ఎవరో ఆ కాపలావాణ్ణి కాస్త మెత్తబరిచి మాకిచ్చారు. మెత్తబడ్డాడు గానీ పూర్తిగా నిద్రపోలేదు. ముద్రే లేని ఫైలు కనబడితే నల్లటి తెర చూపించి ఊరుకునేవాడు. అందుకని, ఓపికున్నవాళ్ళు సొంతంగా తయారుచేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టే ఆటలను (హోమ్‌బ్రూ అనేవాళ్ళు, ఇంటి వంట లాంటివన్నమాట, ఉప్పూ కారం మన అదృష్టం) ముందు కంప్యూటర్లో వేసుకుని, ఒక చిన్న ప్రోగ్రాంతో మనమే ముద్ర కొట్టుకోవాలి. దాన్నే సైన్ చెయ్యడం అంటారు. సైన్ చేసేటప్పుడు ఆ ప్రోగ్రాం ఆటకొక గుర్తు అడిగేది: నాలుగు అక్షరాలు, అయిదు అంకెలు. అక్షరాలు షాపు పేరులోవి పెట్టాను. అంకెల సంగతి బాబాయ్‌ని అడిగాను.

"11112 వెయ్యి. కూడితే ఆరు."

"ప్రతి ఆటకీ అదేనా బాబాయ్?"

"కలిసొచ్చిన నంబరు ఎవడన్నా మారుస్తాడంట్రా?"

నేను మొట్టమొదట సైన్ చేసిన ఆట గల్లీ క్రికెట్. గోడకి తగిలితే నాలుగు, మేడ మీద పడితే అవుట్. బాబాయ్ చెప్పిన నంబరు మహత్యమో ఏమో, షాపు కిటకిటలాడింది, ఇంకో ఆట ఎక్కించే అవసరమే పడలేదు. గురజాల నుంచి కూడా కుర్రాళ్ళు బస్సెక్కి వచ్చేవాళ్ళు. బాబాయ్ దానికి పోటీలు పెట్టాడు, ఫైనల్ ఒక ఆదివారం ఉదయం పదిగంటలకని గోడకి కాయితం అంటించాడు.

సరిగ్గా ఆ ఆదివారమే మా మేనమామ చిలకలూరిపేట నుంచి వస్తున్నాడని మా అమ్మ ప్రకటించింది. ఆయన అక్కడ జిన్నింగ్ మిల్లులో, కట్టిన పత్తి బేళ్ళకు నంబర్లు వేయించే పనిలో ఉన్నాడు. "వాడితో పోయి మిల్లులో చేరు. నాలుగు జతలు బట్టలు సర్దుకో. బొమ్మలాడించే కొలువు కూడా ఒక కొలువేనా?" అంది. ఆ మిల్లుకి నేనొకసారి వెళ్ళాను. గేటు దగ్గర మొదలైన తుమ్ములు తిరిగి నరసరావుపేట బస్టాండులో దిగిందాకా ఆగలేదు. అమ్మను బతిమాలి ఒక ఒప్పందానికి తెచ్చాను: మామ షాపుకొచ్చి నా పని చూస్తాడు, ఇది పనే అని ఆయన నోటితో అంటే నేను ఇక్కడే ఉంటాను, లేదంటే నోరెత్తకుండా సంచీ పట్టుకుని బస్సెక్కుతాను.

మామ పెళ్ళికి ముందు బండలాగుడు పోటీల్లో ఎడ్లు తోలిన మనిషి. కాబట్టి ఆయనకి ఎడ్ల ఆటే చూపించాలనుకున్నాను. సొంతంగా తయారుచేసేంత చదువు నాకెక్కడిది? ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన లారీ ఆట ఒకటి దొరికింది. అందులో లారీ బొమ్మ తీసి ఎడ్లజత గీశాను, వెనక సరుకు పెట్టె తీసి బండ పెట్టాను. మూడు వారాలు పట్టింది. శనివారం నాడు 11112 నంబరుతో సైన్ చేసి, ఆదివారం పొద్దున్నే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మెషిన్‌కి ఎక్కించాను. మధ్యలో మెషిన్ ఇంగ్లీషులో ఏదో పొడుగాటి ప్రశ్న అడిగింది. ఇంగ్లీషుకీ నాకూ మాటల్లేవు. మర్యాదగా 'ఎస్' నొక్కాను.

తొమ్మిదిన్నరకి మామ వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. ఆరు కుర్చీల్లో మంచిది చూసి కూర్చోబెట్టి, చేతికి రిమోట్ ఇచ్చాను. ఆట మొదలైంది. నా కంటికి ఎడ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. మామ మీట నొక్కగానే ముందుకు కదిలి "పాఁ... పాఁ..." అన్నాయి.

మామ నా వంక చూశాడు. "ఎడ్లు హారన్ కొడుతున్నాయేందిరా?"

"లారీది మామా. తియ్యడం రాలా."

"మరి ఆగినప్పుడల్లా ఎనకమాల ఆ ఎర్ర లైట్లేంది?"

"బ్రేకులేస్తే వెలుగుతయ్."

"చానా మంచి జాతి" అన్నాడు మామ. అని ఊరుకోకుండా, బండని మూడుసార్లు లాగించాడు. మూడోసారి కుర్చీలోంచి సగం లేచి, పళ్ళు బిగబట్టి, "హై... హైహై..." అని అదిలించాడు కూడా. నా బట్టల సంచీ అటక మీదకి తిరిగి ఎక్కుతున్నట్టు కనిపించింది నాకు.

అంతలో పదైంది. ఫైనల్ ఆడే రెండు జట్లూ, చూసేవాళ్ళూ కలిసి పాతికమంది లోపలికి తోసుకొచ్చారు. ఎడ్లని ఆపి క్రికెట్ పెడదామని చూస్తే, జాబితాలో క్రికెట్ లేదు. పైకి వెతికాను, కిందికి వెతికాను. ఎడ్లున్నాయి. ఎడ్లు తప్ప మరేం లేవు.

"ఒరేయ్, క్రికెట్ ఏదిరా?" గురజాల జట్టు కెప్టెన్ అడిగాడు.

"వస్తది, ఉండు."

"ఏడ నుంచి రావాల? ఎడ్లబండెక్కి వస్తదా?"

షాపంతా గొల్లుమంది. బాబాయ్ మాత్రం నవ్వలేదు. "కలిసొచ్చే నంబరు పెట్టినా ఇట్టా ఎట్టా అయిందిరా!" అని తల పట్టుకున్నాడు. నేను తీగలు పీకి పెట్టాను, ఊది పెట్టాను, మెషిన్‌కి మనసులో దండం కూడా పెట్టుకున్నాను. మామ రిమోట్ పక్కన పెట్టి, "నంబరంటున్నాడు, ఏం నంబర్రా అది?" అని అడిగాడు.

చెప్పాను.

"పోయిన క్రికెట్‌కి ఏం నంబరేశావ్?"

"అదే."

"ఈ ఎడ్లకి?"

"అదే మామా."

మామ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఒకే నంబరు మీద రెండు సరుకులుంటే, ఏది ఏదో మిషన్‌కి ఎట్టా తెలుసుద్దిరా? కొత్తది రాగానే పాతదాన్ని బయటికి నెట్టుంటది." ఆయన జీవితంలో కంప్యూటర్ ముట్టుకున్న మనిషి కాదు. పొద్దున మెషిన్ నన్నడిగిన పొడుగు ప్రశ్న ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. పాతదాన్ని తీసేసి దాని చోట్లో పెట్టనా అని ఎంతో మర్యాదగా అడిగింది పాపం.

క్రికెట్ అసలు ఫైలు కంప్యూటర్లో భద్రంగానే ఉంది. వేరే నంబరు వేసి సైన్ చేస్తే సరిపోతుంది. బాబాయ్ అడ్డం పడ్డాడు. "ఆరు తప్ప ఇంకోటి నా షాపులోకి రానియ్యను." పాతికమంది కేకలేస్తున్నా ఆయన కదల్లేదు.

"అన్నా, ఆ రెండుని తీసుకొచ్చి ముందు పెట్టించు. 21111. కూడు" అన్నాడు మామ.

బాబాయ్ వేళ్ళమీద లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక రెండోసారి లెక్కపెట్టాడు. "ఆరే!" అన్నాడు, పోయిన పెట్టుబడి వడ్డీతో తిరిగొచ్చినవాడిలాగా. ముప్పావుగంట తర్వాత జాబితాలో ఎడ్ల పక్కన క్రికెట్ కనబడింది. ఫైనల్‌లో మా ఊరి జట్టు మీద గురజాలవాళ్ళే గెలిచారు. ఇష్టం లేకపోయినా రాయక తప్పడం లేదు.

భోజనాలవేళ ఇంటి అరుగు మీద మా అమ్మ అడిగేసింది. "ఏం తమ్ముడూ, సాయంత్రం బస్సుకేనా?"

ఎడ్లని లేచి మరీ అదిలించిన మనిషి, నా పనితనం గురించి నాలుగు మంచి మాటలు చెబుతాడని నా ఆశ.

"వీణ్ణి మాత్రం నేను తీసకపోనక్కా" అన్నాడు మామ. "పత్తికీ దూదికీ తేడా తెలియకపోయినా పర్లా, నేర్పుకుంటా. రెండు బేళ్ళ మీద ఒకే నంబరేసే రకం వీడు. లోడు లోడంతా ఎనక్కొస్తది. వీణ్ణి చేర్పించినందుకు ముందు నన్ను పంపిస్తారు ఇంటికి. ఆ షాపులోనే ఉండనీ. ఆడైతే పోయేది క్రికెట్టే గదా."

అమ్మ నన్ను చూసిన చూపుని ఇక్కడ వర్ణించను. నేను లోపలికి వెళ్ళి, సంచీలోని నాలుగు జతలూ తీసి దండెం మీద ఆరేశాను, ఉతికినవే అయినా సరే.

ఇప్పుడు నరసరావుపేటలో నాకొక సొంత రిపేరు దుకాణం ఉంది. చెడిపోయిన మెషిన్లతో వచ్చే కుర్రాళ్ళు, ఈ లైనులోకి ఎట్లా వచ్చావన్నా అని అడుగుతుంటారు. చిన్నప్పట్నుంచీ ఆసక్తి అని చెబుతాను (పత్తిమిల్లు వద్దంది అంటే బిల్లు బేరమాడతారు). ఆ తర్వాత నేను ఎన్నో పనులకి పనికొస్తానని నలుగురూ ఒప్పుకున్నారు, దండలు కూడా ఒకటి రెండు పడ్డాయి. కానీ పనికిరాడని తేల్చినందుకు, ఆ మధ్యాహ్నం తడిలేని చొక్కాల్ని ఈలవేస్తూ ఆరేసుకున్న పదిహేడేళ్ళవాడంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అద్దంలో కూడా.