స్కోరక్క చూసిన పియానో ఫైనల్స్

మా పత్రికలో ఆటల పేజీ రాసే ఆవిడను అందరూ స్కోరక్క అనేవాళ్లు. పొద్దున ఆఫీసులో అడుగుపెట్టగానే ఎదురొచ్చిన వాళ్లను "స్కోరెంత?" అని అడగడం ఆవిడ పలకరింపు. అవతలివాళ్లు ఆటలు చూడనివాళ్లైనా సరే, అడిగేది. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది, అంతే.

చిన్నతనంలో ఆవిడ మంచి పరుగుపందెం మనిషి. మోకాలు దెబ్బతిని మైదానం అంచున కూర్చోవాల్సి వచ్చింది. ఊరికే కూర్చోలేక, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టడం మొదలుపెట్టింది. అదే ఉద్యోగమైంది. ఫుట్‌బాల్, బాక్సింగ్, కుస్తీ, ఈత, ఏదైనా రాసేది. భర్త గూడ్సు రైళ్లు నడిపేవాడు. ఇంట్లో ఉండే రోజులకన్నా పట్టాల మీద ఉండే రోజులే ఎక్కువ. అందుకని ఇంటిపట్టున ఎప్పుడూ కనపడేది ఆవిడా, అత్తగారూ. అత్తగారు ఒకప్పుడు బట్టలు కుట్టేది. ఇప్పుడు చూపు సన్నగిల్లి మిషన్ మూత పెట్టేసినా, కోడలు రాసిన ప్రతి ముక్కా భూతద్దం పెట్టి మరీ చదివేది. బాగుంటే ఏమీ అనదు. బాగాలేకపోతే మాత్రం కంచం ముందు కూర్చోబెట్టి చెబుతుంది.

ఆ ఏడాది మా ఊళ్లో మొదటిసారిగా అంతర్జాతీయ పియానో పోటీలు పెట్టారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో కుర్రాళ్లూ అమ్మాయిలూ వచ్చారు. వాటి గురించి రాయాల్సింది సంగీతం పేజీ చూసే పెద్దాయన. సరిగ్గా సెమీఫైనల్స్ ముగిసిన రోజున ఆయన స్నానాలగదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎడిటర్ గారు ఆఫీసంతా ఒకసారి కలయజూసి స్కోరక్క దగ్గర ఆగారు.

"సార్, పియానోకి ఎన్ని మెట్లుంటాయో కూడా నాకు తెలీదు" అంది ఆవిడ.

"పోటీయే కదమ్మా. ఎవరో గెలుస్తారు, మిగతావాళ్లు ఓడిపోతారు. వెళ్లు" అన్నారాయన.

మొదటి రోజు ఘోరంగా పోయింది. ఫైనల్‌కి మిగిలిన ఆరుగురినీ విలేకరులకు పరిచయం చేస్తున్నారు. ఒకాయన వచ్చి, స్కోరు కావాలా అని అడిగాడు. ఈవిడ ఉలిక్కిపడి, ఆట మొదలే కాలేదుగా, అప్పుడే స్కోరెక్కడిది అంది. ఆయన చేతిలో ఉన్నది స్వరాలు అచ్చువేసిన పుస్తకం. దాన్నే వాళ్లు స్కోరంటారట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుకున్నారు. సిగ్గుతో చితికిపోయి ఆఫీసుకొచ్చి, నిర్వాహకులిచ్చిన కరపత్రంలోని మాటలే అటూ ఇటూ మార్చి రాసేసింది. స్వరఝరి, నాదామృతం, అలౌకికం, అన్నీ పడ్డాయి.

మర్నాడు అత్తగారు కంచం ముందు కూర్చోబెట్టింది.

"అమ్మాయ్, ఇది నువ్వు రాయలేదు."

"నాకు అర్థమైతే కదా అత్తయ్యా, రాయడానికి."

"బాక్సింగ్ నాకు అర్థమవుతుందా? నువ్వు రాస్తే చదవట్లేదూ? ఆ కుర్రాడి పెదవి చిట్లిందని రాశావు చూడు, ఆరోజు నాకు అన్నం సయించలేదు. వీళ్లకీ చేతులుంటాయి, నడుములుంటాయి. అవి చూసి రాయి."

 స్కోరక్క చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, నేరుగా ఆ పిల్లలు సాధన చేసే భవనానికి వెళ్లింది. క్రీడాకారుల దగ్గర ఎలా చేసేదో ఇక్కడా అలాగే చేసింది. గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగింది. కొందరు తలుపు మూసేశారు. కొందరు రమ్మన్నారు.

ఒక పొడుగాయన గోరువెచ్చని నీళ్లలో మణికట్ల దాకా చేతులు ముంచి, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఇంకో కుర్రాడు ఎవరితోనూ మాట్లాడడు. భోజనాల బల్ల మీద కూడా వేళ్లతో వాయిస్తూనే ఉంటాడు. స్కోరక్క అతనికి మౌని అని పేరు పెట్టింది. అందరిలోకీ వయసులో పెద్దది ఒక టీచరమ్మ. బడిలో చిన్నపిల్లలకు పియానో నేర్పుతుంది. ఇలాంటి పోటీలకు వయసు హద్దు ఉంటుంది, ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. పాలు మానని కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది.

టీచరమ్మ గదిలో స్కోరక్క ఒక మధ్యాహ్నమంతా గోడకానుకుని కూర్చుంది. ఆమె వాయిస్తున్నది ఫైనల్ కోసం ఎంచుకున్న రచన మూడో భాగంలో చిటికెలో అయిపోయే చిన్న ముక్క. ఎడమ చెయ్యి కుడి చేతి మీదుగా ఎగిరి, కుడివైపు చిట్టచివర ఉన్న ఒక మెట్టు మీద వాలి, మళ్లీ వెనక్కి రావాలి. ఆ ఒక్కదాన్నే మెల్లగా, ఇంకా మెల్లగా, మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంది. చెయ్యి ఒక్కోసారి పక్క మెట్టు మీద పడేది. అప్పుడామె విసుక్కోకుండా ఒళ్లో చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకునేది. సాయంత్రానికి జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయింది.

స్కోరక్క అదే రాసింది. అలౌకికాలూ అమృతాలూ లేవు. ఆ చెయ్యి ఎలా ఎగురుతుందో, ఎక్కడ వాలాలో, ఎందుకు గురి తప్పుతుందో, హైజంప్ చేసేవాళ్ల అడుగుల గురించి రాసినట్టు రాసింది. మర్నాడు మౌని వేళ్ల గురించి, ఆ మర్నాడు పొడుగాయన చన్నీళ్లంటే పడే భయం గురించి రాసింది.

అత్తగారు చదివి ఏమీ అనలేదు.

మూడో రోజు నుంచి ఊరు ఆ పేజీ కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. మంగలి షాపులో గడ్డానికి సబ్బు పూయించుకుంటూనే జనం మౌని గెలుస్తాడా, టీచరమ్మ గెలుస్తుందా అని వాదించుకున్నారు. బస్ డిపోలో డ్రైవర్లు రెండు జట్లుగా విడిపోయారు. బాక్సింగ్ జిమ్ నడిపే కోచ్ ఆఫీసుకి ఫోన్ చేసి, టీచరమ్మను భుజాలు బిగించకుండా చూసుకోమని చెప్పమన్నాడు. సెమీఫైనల్స్‌కి సగం కూడా నిండని హాలుకి ఇప్పుడు టికెట్లు దొరకడం గగనమైంది.

ఇది అందరికీ నచ్చలేదు. పోటీల కార్యదర్శి ఎడిటర్ గారి ముందు కూర్చుని, ఇదేమైనా గుర్రప్పందెమా, కళాకారుల చెమట గురించి రాయడమేమిటి అని మండిపడ్డాడు. స్కోరక్కను హాలు ఛాయలకు రానివ్వనన్నాడు. ఎడిటర్ గారు అంతా విని, మీ టికెట్లు అమ్ముడుపోయాయటగా, సంతోషం అని లేచి నిలబడ్డారు.

అంతలో ఆసుపత్రి నుంచి సంగీతం పేజీ పెద్దాయన కబురు పెట్టాడు. స్కోరక్క బిక్కుబిక్కుమంటూ వెళ్లింది. ఆయన కాలు పైకి వేలాడదీసి ఉంది, మంచమంతా పేపర్లే.

"కుడికాలి పెడల్‌ని ఎడమకాలి పెడల్ అని రాశావమ్మా. నా గుండె ఆగినంత పనైంది" అన్నాడాయన.

ఆవిడ తల దించుకుంది.

"మిగతాదంతా చదివాను. ఆ టీచర్ చెయ్యి ఎగరడం గురించి రెండుసార్లు చదివాను. ఇన్నేళ్లూ నేను వింటూనే ఉన్నాను కానీ, అటు చూడనే లేదు. వెళ్లి ఫైనల్ రాయి. నాకు ఇక్కడికి రేడియో తెప్పించమని మావాళ్లకి చెప్పు."

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం జరిగింది. ముందు వరసల్లో పట్టుబట్టల పెద్దమనుషులు, వెనకంతా స్కోరక్క పాఠకులు. డ్రైవర్లు యూనిఫాంలోనే వచ్చారు. కోచ్ తన బాక్సర్లందరినీ వెంటబెట్టుకొచ్చి, దగ్గితే ఊరుకోనని ముందే చెప్పి కూర్చోబెట్టాడు. వాళ్ల మధ్యలో అత్తగారు. కోడలు రాసే పోటీని ఆవిడ స్వయంగా చూడ్డానికి రావడం అదే మొదలు.

పొడుగాయన హుందాగా వాయించాడు. మౌని వాయిస్తుంటే, నోరు తెరవని ఈ పిల్లవాడిలో ఇన్ని మాటలున్నాయా అనిపించింది. మిగతావాళ్లూ ఎవరికెవరూ తీసిపోలేదు. ఆఖరున టీచరమ్మ వచ్చింది. ఆర్కెస్ట్రా మొత్తం ఆమె వెనక ఉంది. ఆమె చేతులు తుడుచుకుని, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ వైపు చూసి తలూపింది.

మొదటి భాగం ముగియబోతుండగా కొరడా ఛెళ్లుమన్నట్టు ఒక చప్పుడు వచ్చింది. పియానోలో ఒక తీగ తెగి, మెలికలు తిరిగి పైకి లేచింది. హాలంతా ఉలిక్కిపడింది. ఆమె చేతులు మాత్రం ఆగలేదు. ఆ భాగాన్ని చివరిదాకా లాక్కొచ్చి ఆపింది.

అలాంటి కచేరీల్లో అన్ని భాగాలూ అయ్యేదాకా చప్పట్లు కొట్టరు. అది స్కోరక్క పాఠకులకు ఎవరు చెప్పారు గనక? వెనక వరసలన్నీ ఒక్కసారిగా చప్పట్లతో మోగిపోయాయి. ముందు వరసలు ష్ ష్ అన్నాయి. కార్యదర్శి తల పట్టుకున్నాడు. టీచరమ్మ మాత్రం వెనక్కి తిరిగి, బడిలో అల్లరిపిల్లల్ని చూసినట్టు చూసి నవ్వింది. ఆ చప్పట్ల మధ్యలోనే పియానో మరమ్మతు చేసేవాడు వచ్చి, తెగిన తీగను బయటికి లాగాడు. ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె అడ్డంగా తలూపింది.

అతనేం చెప్పాడో స్కోరక్క మర్నాడు రాసింది. పియానోలో కుడివైపు ఒక్కో మెట్టుకీ మూడేసి తీగలుంటాయి. తెగింది చిట్టచివరి మెట్లలో ఒకదాని తీగ, సరిగ్గా ఆమె ఎడమ చెయ్యి ఎగిరి వాలాల్సిన మెట్టుదే. మిగిలిన రెండు తీగలూ పలుకుతాయి కానీ, ఎంతసేపు నిలుస్తాయో చెప్పలేను, పియానో మార్చమంటారా అని అడిగాడు. వద్దు, దీనితోనే వాయిస్తానంది ఆమె.

రెండో భాగం నెమ్మదిగా సాగింది. స్కోరక్కకు అందులో ఒక్క స్వరం కూడా చెవికెక్కలేదు.  మూడో భాగం మొదలైంది. ఆ ముక్క వస్తోందని హాల్లో వెనకున్న వాళ్లందరికీ తెలిసిపోయింది. టీచరమ్మ ఎడమ మోచెయ్యి కొద్దిగా లేచేసరికి డ్రైవర్లు, బాక్సర్లు, కోచ్, అత్తగారు, అందరూ ఒక్కసారిగా ముందుకు వంగారు. చెయ్యి ఎగిరింది. ఆ మెట్టు మీద వాలింది. రెండు తీగలే అయినా స్వరం గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినంత స్పష్టంగా పలికింది. చెయ్యి వెనక్కి వచ్చి, మళ్లీ ఎగిరి, మళ్లీ అక్కడే వాలింది. ప్రతిసారీ ఇంకాస్త ధైర్యంగా ఎగిరింది. చివరికొచ్చేసరికి ఆమె ముఖంలో భయం మచ్చుకైనా లేదు. పందెం గీత దగ్గరికొస్తున్న మనిషికి ఇంక కాళ్లు గుర్తుండవని స్కోరక్కకు తెలుసు. ఆ ముఖాన్ని ఆవిడ గుర్తుపట్టింది.

ఆఖరి దెబ్బ పడగానే ఈసారి ముందు వరసలే ముందు లేచాయి.

న్యాయనిర్ణేతలు చాలాసేపు తేల్చలేదు. చివరికి మౌనికి రెండో స్థానమని చెప్పగానే, అతను వేదిక మీదే టీచరమ్మ వైపు తిరిగి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి స్థానం ఎవరిదో ఇంక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

బయట మెట్ల మీద బాక్సర్లు టీచరమ్మను భుజాల మీదికి ఎత్తుకున్నారు. వాళ్లకు తెలిసిన మర్యాద అదే. కార్యదర్శి, చేతులు జాగ్రత్త, ఆమె చేతులు జాగ్రత్త అంటూ వెనకాలే పరిగెత్తాడు. కాసేపటికి ఆయనా నవ్వేశాడు. టీచరమ్మ ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని వాళ్లమ్మకు ఏదో చెబుతోంది. అవతల పాప ఏడుపు వినిపించినట్టుంది, ఆమె కూడా ఏడుస్తూ నవ్వుతోంది. అత్తగారు జనాన్ని తోసుకుంటూ కోడలి దగ్గరికి వచ్చింది.

"రాసుకున్నావా అంతా?"

"లేదత్తయ్యా. పెన్ను తీయడమే మర్చిపోయాను."

"పోన్లే. నేను చూశాను, నన్నడుగు."

ఆ వార్త మొదటి పేజీలో వచ్చింది. సంగీతం వార్త మొదటి పేజీకెక్కడం మా పత్రికలో అంతకుముందు లేదు. తీగ గురించీ, చప్పట్ల గురించీ, ఓడిన ఐదుగురి గురించీ అందులో ఉంది. కుడికాలి పెడల్ కుడికాలిదిగానే ఉంది. ఎడిటర్ గారు స్కోరక్కను పిలిచి, సంగీతం పేజీ నువ్వే తీసుకోమన్నారు. ఆటలు వదలనని, అది పెద్దాయన పేజీ అని, కావాలంటే ఇద్దరం కలిసి రాస్తామని ఆవిడ చెప్పింది. అలాగే కుదిరింది. పెద్దాయన చెవి, ఈవిడ కన్ను.

పెద్దాయన చేతికర్రతో ఆఫీసుకొచ్చిన మొదటి వారంలోనే స్కోరక్క ఆయన్ని బాక్సింగ్ పోటీకి తీసుకెళ్లింది. ఆయన మడత నలగని చొక్కా వేసుకుని, రింగు పక్కనే ముక్కు చిట్లించుకుని కూర్చున్నాడు. రెండో రౌండు వచ్చేసరికి కర్ర పక్కన పడేసి, లేచి నిలబడి, "ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి" అని అరుస్తున్నాడు.