నేను పెంచిన క్యారెట్ తోట

పల్నాడులో రైతులు నడుములు పడిపోయేలా పీకి పారేసే మొక్కను నేను చెంబులతో నీళ్లు పోసి, వర్మీకంపోస్టు వేసి, చుట్టూ చీరలు కట్టి పెంచాను. ఒకటీ రెండూ కాదు, పెరడు నిండా. అదీ బీఎస్సీ చదివి మరీ పెంచాను. అందులో బోటనీ ఒక సబ్జెక్టు. పాప నిద్రపోయింది, మా ఆయన నవ్వడం ఆపాడు, కాబట్టి ఇప్పుడు నెమ్మదిగా చెప్పేస్తాను. మీరూ నవ్వుకోండి. నరసరావుపేటలో మా వీధి వీధంతా నవ్వేశాక ఇంకా సిగ్గెందుకు?

మా పాపకు అప్పుడు ఏడాదిన్నర. బజారు క్యారెట్ల మీద ఏ మందులు కొట్టారోనని నాకు దిగులు. వానలు తగ్గాక విత్తనాల ప్యాకెట్ తెచ్చి పెరట్లో చల్లాను. రెండు వారాలకు మొలకలొచ్చాయి. కత్తెరతో కత్తిరించినట్టు చీలిన ఆకులు, నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకున్నాయి. ఎంత ముద్దొచ్చాయో!

"ఏందే ఇయ్యి, పిచ్చిమొక్కల్లా ఉన్నాయి?" అన్నాడు మా ఆయన. ఆయన లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పని చేస్తాడు.

"మీరు టైర్ల సంగతి చూసుకోండి. మొక్కలు నాకు తెలుసు" అన్నాను.

అయినా ఎందుకైనా మంచిదని ఫొటో తీసి, మొక్కల పేర్లు చెప్పే యాప్‌ను అడిగాను. అది నాలుగు పేర్లు చూపించింది. మొదటి మూడూ నాకు నచ్చలేదు. నాలుగోది క్యారెట్. పెళ్లిచూపుల్లో కూడా నేను అంత తొందరగా ఒప్పుకోలేదు.

ఇక నా సేవలు చూడాలి! పొద్దున నీళ్లు, సాయంత్రం నీళ్లు. దారిన పోయేవాళ్ల దిష్టి తగలకుండా నాలుగు పాత చీరలు చుట్టూ కట్టాను. ఆ చీరల కిందినుంచి ఒకరోజు పక్కింటి ఖాసింబీ పిన్ని మేక దూరింది. అది మామూలు మేక కాదు. గోడమీది పోస్టర్లు, మా ఆయన లుంగీ అంచు, రెండు నెలల కరెంటు బిల్లు తిని అరిగించుకున్న మేక. అలాంటిది నా మొక్కను వాసన చూసి, మొహం తిప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. నేను పొంగిపోయాను. "చూశారా, పరాయి పంట ముట్టలేదు! ఎంతైనా పిన్ని పెంపకం" అని మా ఆయనకు చెప్పాను. ఆ మేకకు ఉన్నపాటి తెలివి నాకుంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

నెలన్నరకు మొక్కలు నడుమెత్తు లేచి, కొమ్మలు వేసి, చిట్టి చిట్టి తెల్లపూలు పూశాయి. మనిషన్నవాడు ఇక్కడైనా ఆగి ఆలోచించాలి కదా! నేను ఆలోచించాను కూడా. క్యారెట్ ద్వైవార్షికం, మొదటి ఏడాది ఆకూ దుంపా, రెండో ఏడాది పువ్వు అని చదివిన పాఠం గుర్తొచ్చింది. మరి రెండో నెలలోనే పూసిందేమిటి? వర్మీకంపోస్టు మహిమ అనుకున్నాను. చదువు మనిషిని ఎంత దూరమైనా తీసుకెళ్తుందని మా లెక్చరర్ అనేవారు. ఇంత దూరం అనుకోలేదు.

ఇంతలో పాప బుగ్గల మీద, మోచేతుల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. సబ్బు మార్చాను, నూనె మార్చాను, పాలు మార్చాను. మార్చడానికి ఇంట్లో ఇక మొగుడొక్కడే మిగిలాడు. బిడ్డ గోక్కుని గోక్కుని ఏడుస్తుంటే నా ప్రాణం పోయేది. నాకు బిడ్డను పెంచడం చేతకాదేమో అన్న భయం లోపల తొలిచేస్తుంటే, ఆ తప్పును ఎవరో ఒకరి మీదికి నెట్టాలనిపించింది. మేక మీదికి నెట్టాను.

"పిన్నీ, మీ మేక బొచ్చు పడకే పాపకి ఇట్లా అవుతోంది" అన్నాను గోడ మీంచి.

"మేకతోనా? నా నలుగురు పిల్లలూ మేకల మధ్యనే పెరిగారు గదే అమ్మాయ్!"

"మీ పిల్లలు వేరులే పిన్నీ."

అనకూడని మాట అన్నానని అనగానే తెలిసింది. మర్నాడు పిన్ని మేకను ఆటో ఎక్కించి రాజుపాలెంలో ఉన్న కూతురింటికి పంపేసింది. "చంటిదాని కంటే మేక ఎక్కువా ఏంది" అంది, అంతే. దద్దుర్లు మాత్రం మేకతోపాటు ఆటో ఎక్కలేదు.

చివరికి చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ చూసి, "ఇంటి దగ్గర పిచ్చిమొక్కలు ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగారు.

"అబ్బే, ఒక్కటి కూడా లేదండీ. పెరడంతా క్యారెట్ తోటే!" అని గర్వంగా ఫోన్ తీసి చూపించాను. తెల్లపూల మధ్య కూర్చుని మా పాప నవ్వుతున్న ఫొటో.

డాక్టరు ఫొటో పెద్దది చేసి చూశారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశారు.

"ఇది క్యారెట్ అని ఎవరు చెప్పారమ్మా?"

మా ఆయన వేలు నా వైపు తిరిగింది.

"ఇది వయ్యారిభామ. పార్థీనియం. కొందరికి ఇది తగిలినా, దీని పుప్పొడి పడినా ఇలాగే దద్దుర్లొస్తాయి. ముందు దాన్ని తీసేయించండి, పాపను అటు పోనివ్వకండి."

పార్థీనియం! డిగ్రీ పరీక్షలో దాని మీద పేజీన్నర రాశాను. బొమ్మ కూడా వేశాను. మార్కులు వేసిన ఆ మహానుభావుడు ఎక్కడున్నాడో, నన్ను క్షమించుగాక.

ఇంటికొచ్చీ రాగానే చీరలు లాగేసి, ఒట్టి చేతులతో పీకడం మొదలుపెట్టాను. గోడ అవతలినుంచి కేక వినిపించింది.

"ఏమే అమ్మాయ్! వయ్యారిభామను చేత్తో పీకుతున్నావేంది? చీరలు కట్టావని లోపల మల్లెతోట ఉందనుకున్నానే!"

నేను చెప్పింది విని పిన్ని ఒక్క మాట దెప్పలేదు. నోటికి గుడ్డ కట్టుకుని, చేతులకు పాలిథిన్ సంచులు తొడుక్కుని, నాకూ తొడిగి దిగిపోయింది. "నేల తడుపు. తడిస్తే వేరుతో సహా వస్తది. పువ్వు దులపమాక, విత్తనం రాలితే చానా కష్టం" అంటూ పీకిందల్లా గోనెసంచుల్లో కుక్కించి మూతులు కట్టించింది. గోడ వారన, రాళ్ల సందుల్లో మిగిలినవాటి మీద చిక్కటి ఉప్పునీళ్లు కొట్టించింది. సాయంత్రానికి పెరడు బోడిగుండులా తేలింది. మట్టి ఎంత తవ్వినా ఒక్క క్యారెట్ దొరకలేదు.

నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. "క్షమించు పిన్నీ. మేకను వెళ్లగొట్టించాను. కలుపుకీ కూరకీ తేడా తెలియదు. నాకు ఏదీ పెంచడం చేతకాదు."

పిన్ని పదకొండు గోనెసంచుల వైపు చూసింది. నా వైపు చూసింది. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"పెంచడం చేతకాదా? ఓసి పిచ్చిదానా, నలభై ఏళ్లుగా కూలికి పోయి కలుపు తీశా, ఇంత ఏపుగా పెరిగిన వయ్యారిభామను ఎక్కడా చూళ్లేదు! కలుపునే ఇట్టా పెంచినదానివి, నీ బిడ్డ ఎట్టా పెరుగుద్దో చూసుకో!"

పాప దద్దుర్లు మూడు వారాల్లో తగ్గిపోయాయి. రాజుపాలెం నుంచి మేకను తేవడానికి ఆటోలో నేనే వెళ్లాను. ఆ సాయంత్రం దానికి అరటిపండు తొక్కలు పెట్టి, సాగిలపడి దండం ఒక్కటే పెట్టలేదు.

కాబట్టి నరసరావుపేట గాలి, నీరు, మట్టి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఖాసింబీ పిన్ని గోడ మీంచి చూసి తలూపేదాకా మా పెరట్లో మొలిచిన దేనికీ పేరు పెట్టను, చుక్క నీళ్లు పోయను. ఒక్క మా పాపను మాత్రం నా ఇష్టప్రకారం పెంచుకుంటాను. దానికి పిన్ని అనుమతి ఇచ్చేసింది.