రేడియోలో బందిపోట్లు దొరికేదాకా

మేం చదువుకోవడానికి వెళ్లిన విదేశీ ఊరు హామిల్టన్‌కు స్టూడెంట్లు వెల్లువలా వచ్చిపడిన రోజుల్లో అద్దెకు గది దొరకడమే గగనంగా ఉండేది. ఒక ముసలాయన ఇంట్లో ఒక్కరికి చోటుందంటే నేనూ, నా క్లాస్‌మేటు వరంగల్ కుర్రాడూ కలిసే వెళ్లాం. ఆయన రేడియోకు చెవి ఆనించి పాతకాలపు గుర్రాల నాటకం వింటున్నాడు. బందిపోట్లు బ్యాంకు దోచి పారిపోతున్నారు, షెరీఫ్ వెంటపడ్డాడు.

"ఆగండి, ముందు వాళ్లు దొరకనీయండి" అన్నాడు.

మాది బట్టల కొట్టు. బేరం ఆపుకుని కూర్చోవడం మా ఒంట్లో లేదు. తుపాకులు పేలుతుండగానే, "సర్, హీటింగ్ బిల్లు అద్దెలోనే కలిపేయండి" అన్నాను. ఆయన రేడియో సౌండు ఇంకాస్త పెంచాడు. ఒళ్లు మండి, మా కొట్లో చీరలు బేరమాడేవాళ్లు వేసే ఎత్తే వేశాను. "అయితే వద్దులెండి" అని లేచి, వెనక్కి పిలుస్తాడని గుమ్మం దగ్గర బూట్ల లేసులు నింపాదిగా కట్టుకున్నాను. కట్టిన ముడి విప్పి మళ్లీ కట్టాను. లోపల గుర్రాలు పరుగెడుతూనే ఉన్నాయి.

చివరికి షెరీఫ్ బందిపోట్లను పట్టేశాడు.

"మరి వాళ్ల నాయకుడు, సర్?" అని మావాడు అడిగాడు.

ముసలాయన మొహం వెలిగిపోయింది. "వచ్చే వారం దొరుకుతాడు. నువ్వెప్పుడు దిగుతావు?"

"నువ్వే వద్దంటివి గదరా!" అన్నాడు మావాడు బయటికొచ్చి.

మా ఊళ్లో అయితే వీధి చివరి నుంచైనా వెనక్కి పిలిచేవాళ్లని వాడికేం చెప్పను?